కుడిమూల చుక్క

"యుద్ధం ఇంకా మొదలవలేదేమండీ?" అంది సిస్టరు.

ఆవిడ లెక్కలో అది గుసగుస. హాలు లెక్కలో అది మైకు ప్రకటన. ముందు వరుసలో ఉన్నిటోపీ పెట్టుకున్నాయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఆవిడకు ఎడమపక్క కూర్చున్న కూతురు "అమ్మా, ష్" అంది గానీ, ఆ ష్ అసలైన గుసగుస కాబట్టి తల్లి దాకా చేరలేదు. కుడిపక్క కూర్చున్న ఆపరేటరుకు, అంటే ఆవిడ మొగుడికి, ఈ యుద్ధం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అంతుపట్టలేదు. తెరమీద యుద్ధం కాదు కదా, చిన్న తగాదా కూడా లేదు. ఆకాశంలో ఓ ఓడ, ఓడలో ఓ ముసలాయన, ఓ ముసలావిడ, వాళ్లతో మాట్లాడే ఓ మర, అంతే. ఇంటిదగ్గర బయల్దేరేటప్పుడు కూడా ఈవిడ హ్యాండుబ్యాగులోంచి దూది తీసి తలా రెండు ఉండలు పంచింది, దగ్గర పెట్టుకోండి, బాంబులుంటాయి అని. హాస్యమాడుతోందనుకుని ఆయన జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు చూస్తే మనిషి నిజంగానే బాంబుల కోసం కాచుకుని కూర్చుంది. ఏ యుద్ధమే అని అడగొచ్చు. అడిగితే, తెరమీద ఏముందో మీకు కనబడడం లేదా అని ఆవిడ ఎదురడుగుతుందేమో. అందుకని "వస్తుంది, వస్తుంది" అని ఊరుకున్నాడు. కనబడడం లేదు మరి. అదే గొడవ.

సరిగ్గా చెప్పాలంటే తెర కనబడుతోంది, తెర మధ్యలో ఉన్నదే కనబడడం లేదు. మూడు నెలల కిందట కళ్ల డాక్టరు ఆయన రెప్పలు విడదీసి, లోపలికి లైటు వేసి చూసి, చక్రాల కుర్చీలో అడుగు వెనక్కి జరిగి, కంటి లోపల నడిమి పొర అరిగిపోయిందండీ, కుడికన్ను పూర్తిగా, ఎడమకన్ను ముప్పాతిక, ఎదురుగా ఉన్నది పోతుంది, అంచుల్లో ఉన్నది మిగులుతుంది, పోయినది తిరిగి రాదు, మంటకు మాత్రం చుక్కలు రాసిస్తాను అన్నాడు. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఆపరేటరు చేసిన మొదటి పని నవ్వుకోవడం, రిటైరై మూలన పడ్డ మనిషికి ఆఖరికి మూలలే మిగిలాయని. రెండో పని, ఇది సిస్టరుకు చెప్పకూడదని ఒట్టు పెట్టుకోవడం. ఎందుకంటే పెళ్లైన కొత్తలో ఆయన ఆవిడకు మాటిచ్చాడు, ఇద్దరం పనులు మానేశాక ప్రతి శుక్రవారం నీ పక్కన కూర్చుని సినిమా చూస్తానని. ఆయన మానేసి పదకొండేళ్లు. ఆవిడ మాత్రం పోయిన వారం దాకా మానలేదు, మానిన వారంలోపే కూతురి చేత మూడు టికెట్లు తెప్పించింది. అంటే నలభై మూడేళ్ల కాపురంలో మొగుడూ పెళ్లాలు పక్కపక్కన కూర్చున్న మొదటి సినిమా ఇదే. మాట నిలబెట్టుకోవడానికి మనిషి మిగిలాడు, చూడడానికి కళ్లే మిగల్లేదు. ఈ సంగతి తెలిస్తే ఆవిడ ఏడవదు, అరవదు. లేచి, పదండి ఇంటికి అంటుంది. ఆ తరవాత ఏ శుక్రవారమూ సినిమా ఊసెత్తదు. 

ఇద్దరూ థియేటర్లోనే పనిచేశారు, తిరకాసంతా అక్కడే వచ్చింది. సంబంధం తెచ్చిన మేనమామ, పిల్ల థియేటర్లో పనిచేస్తుందక్కా అంటే, ఈయన తల్లి ఆ పిల్ల టికెట్లు చించుతుందా, సమోసాలు అమ్ముతుందా అని రెండురోజులు మథనపడింది. తీరా అది ఆపరేషన్ థియేటరు. రోడ్డుకు ఇవతల ఆయన సినిమా హాలు, అవతల ఆవిడ ఆస్పత్రి. అక్కడ దీపం వెలిగిస్తే మనిషి నిద్రపోతాడు, ఇక్కడ దీపం ఆర్పితే మనిషి మేలుకుంటాడు. ఆవిడ కోత, ఆయన అతుకు. తెగిన ఫిల్మును అతికించడంలో ఆయన చేతికి ఎంత పేరుందో, తెగిన మనిషిని అతికించే చోట ఆవిడ చేతికి అంత పేరుండేది. ఊరంతా సిస్టర్ అని పిలిచే మనిషిని పెళ్లాడిన మగాడు లోకంలో నువ్వొక్కడివేరా అని గేటు దగ్గర టికెట్లు చించేవాడు ఏడిపించేవాడు, ఈయనా తక్కువ తినలేదు, ఆవిడ సిస్టరైతే నేను మిస్టర్ని అనేవాడు. ఆవిడ డ్యూటీ పొద్దున్న ఆరింటి నుంచి రెండు కావొచ్చే దాకా, ఆయనది రెండింటి నుంచి. ఆవిడ లేచేసరికి ఆయన నిద్ర, ఆయన వచ్చేసరికి ఆవిడ నిద్ర. రెండూ కలిసే చోటు రోడ్డు పక్క టీ బడ్డీ, రెండుకు పది నిమిషాలుండగా. రెండు నిమిషాలు రోడ్డు దాటడానికి పోగా ఎనిమిది నిమిషాల కాపురం. ఆ ఎనిమిది నిమిషాల్లో ఇంటి తాళంచెవి చేతులు మారేది, చంటిపిల్ల చేతులు మారేది, పాలు విరిగాయనీ, పిల్లకు పన్నొచ్చిందనీ కబుర్లు చేతులు మారేవి. పిల్ల పుట్టినరోజున కూడా అంతే, ఇంటర్వెల్లో పుట్టింది, ఆయన గంట కొట్టేలోపల రోడ్డు దాటి వెళ్లి ముఖం చూసి వచ్చి రెండో సగం మొదలెట్టాడు. దానికి ఇంటర్వెల్ అనే పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు నలభయ్యో ఏట, ఇద్దరు పిల్లల తల్లి, బ్యాంకులో మేనేజరు, అయినా అమ్మానాన్నలకు ఇంటర్వెల్లే.

తెరమీద మర మాట్లాడుతోంది. మంచి గొంతు పెట్టారు దానికి, ఆడా కాదు మగా కాదు, మనింట్లో బాగా పాతబడిపోయిన ఫ్రిజ్జు మాట నేర్చుకుంటే ఎలా ఉంటుందో అలా. కన్ను పోయిన దగ్గర్నుంచీ ఆయన చెవి రెండింతలైంది, అందుకే కథంతా చెవిలోంచే దిగిపోతోంది, పైగా ఎంత బాగా దిగుతోందంటే, ఆయన నాలుగైదు వేల సినిమాలు తిప్పాడు, చెవిలో ఇంత నెమ్మదిగా చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయిన సినిమా ఒక్కటి గుర్తులేదు. ఓడ ఎక్కడో దూరపు నేలకు పోతోంది, తొంభై రెండేళ్ల ప్రయాణం, లోపల రెండువందల మంది గాజుపెట్టెల్లో నిద్రపోతున్నారు, నిద్రలో వయసు కదలదు. వాళ్లను కనిపెట్టుకుని ఉండడానికి ఒకాయన, ఒకావిడ. ఏడాది ఆయన మెలకువ, ఆవిడ నిద్ర; మరుసటేడు ఆవిడ మెలకువ, ఆయన నిద్ర. బయల్దేరినప్పుడు ఇద్దరికీ ముప్పై. ఎనభై ఏళ్లు గడిచాయి, మేలుకున్నవి నలభై, అంటే ఇప్పుడు డెబ్భై. ఏడాదికోసారి డ్యూటీ మారేటప్పుడు ఒక్క గంట ఇద్దరూ మెలకువగా ఉంటారు. ఎనభై ఏళ్ల కాపురంలో ఎనభై గంటలు. ఆ మాట మర చెప్పినప్పుడు ఆపరేటరు గుండెలో ఏదో ఠక్కుమంది, రీలు చివర తోక చక్రం మీంచి విడిపోయి కొట్టుకున్నట్టు. ఎవరయ్యా ఈ కథ రాసినవాడు, మన టీ బడ్డీలో ఎప్పుడు కూర్చున్నాడు?

ఆ ముసలాయన పనయిపోయి నిద్రకు పోయే ముందు గోడమీద ఓ జోకు రాసి పెడతాడు. ఆవిడ లేచి, చదివి, ఒంటరిగా నవ్వుకుంటుంది. మరుసటేడు ఆయన లేవగానే అడిగే మొదటి మాట, నవ్వావా? ఏడాది కిందట నవ్వాను, అంటుంది ఆవిడ. హాలంతా నవ్వింది. ఉన్నిటోపీ మరీ ఎక్కువ నవ్వింది. ఆపరేటరు నవ్వలేకపోయాడు, అంత బాగుంది ఆ మాట. వేషం వేసిన వాళ్లు నిజంగా ముసలివాళ్లేనట, రంగు పూసి ముడతలు తెప్పించిన బాపతు కాదట, కూతురు దారిలో చెప్పింది. నిజమేనని ఆయన చెవి ఒప్పుకుంది. ముసలి గొంతు పెట్టడం వేరు, గొంతు ముసలిదవడం వేరు. ఆ ముసలావిడ మాట్లాడబోయే ముందు పళ్లసెట్టు సర్దుకునే చిన్న టక్కు వినబడుతోంది, దాన్ని తీసెయ్యకుండా ఉంచినవాడి కాళ్లకు దణ్ణం పెట్టాలి. ఇన్నేళ్లూ తను తిప్పిన సినిమాల్లో ముసలివాళ్ల పని దగ్గడం, దీవించడం, రెండో రీలు దాటకుండా పోవడం. ఇక్కడ ముసలివాళ్లు ఓడ నడుపుతున్నారు. ఓడ అని పేరు గానీ ఓడదు ఇది, అనుకున్నాడు, అనుకుని తన జోకుకు తనే ముచ్చటపడి పక్కకు తిరిగాడు. సిస్టరు ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక, మరక అంచున చెవిదుద్దు, అది తెర వెలుగుకు తళుక్కుమంటోంది. నవ్విందా? హాలంతా నవ్వినప్పుడు ఈవిడ నవ్వు వినబడిందా? ఓ అరక్షణం ఆలస్యంగా వినబడినట్టుంది, అందరూ నవ్వారు కాబట్టి నవ్వినట్టు. ఏమో, చెవిదుద్దును బట్టి నవ్వు చెప్పగలమా.

ఓసారి ఈ మనిషిని చూస్తూనే తప్పు చేశాడు. కొత్త కాపురం రోజులు, ఆవిడకు సెలవు దొరికి సినిమాకు వచ్చింది, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మొగుడు లేడు, మొగుడు పైన క్యాబిన్లో ఉన్నాడు. క్యాబిన్ అంటే అరచెయ్యంత కన్నం, ఆ కన్నంలోంచి కన్ను పెట్టి చూడడం, అదే ఉద్యోగం. రెండు మిషన్లుంటాయి. ఒకదాంట్లో రీలు తిరుగుతుంటే రెండోదాంట్లో తరవాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. రీలు అయిపోవచ్చేసరికి తెరమీద కుడివైపు పైమూల ఓ చుక్క పడుతుంది, కందిగింజంత, రెప్పపాటు. కూర్చుని చూసేవాడికి కనబడదు, కనబడినా దుమ్మనుకుంటాడు. ఆ చుక్క పడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క. దాంతో ఎడమచేత్తో ఈ మిషను వెలుగు మూసి, కుడిచేత్తో ఆ మిషను వెలుగు వదలాలి. చేంజోవర్. సరిగ్గా పడితే హాల్లో ఒక్కడికీ తెలియదు, తెలియకపోవడమే ఆ పనికి కితాబు. ముప్పై ఎనిమిదేళ్లు ఆయన ఏ సినిమా నడుమా చూడలేదు, కుడిమూల చూశాడు. కథానాయిక కన్నీళ్లు కార్చినా, గుర్రాలు పరిగెత్తినా ఆయన కన్ను మాత్రం చుక్క మీద. ఆ రోజు మాత్రం కన్ను తెర వదిలి హాల్లోకి జారింది, ఏడో వరుసలో సిస్టరు పైట సర్దుకుంటోంది, చెయ్యి రెండో వెలుగు వదిలింది గానీ మొదటిది మూయడం మర్చిపోయింది. తెరమీద రైలు మీద ఓ ఆడమనిషి ముఖం, బొమ్మ మీద బొమ్మ, రెండూ ఒక్కసారే. హాలంతా ఈలలు. మేనేజరు వచ్చి చుక్కలు చూపించాడు. ఒకటి వెలిగితే ఒకటి ఆరాలయ్యా, రెండూ ఒకేసారి వెలగడానికి ఇదేమన్నా దీపావళి దుకాణమా అన్నాడు. సిస్టరు మాత్రం మర్నాడు టీ బడ్డీ దగ్గర, నిన్న ఆ రైలు మీద అమ్మాయి చాలా బాగుంది, ఎలా తీశారండీ అని అడిగింది.

మర ఏదో కొత్త సంగతి ఎత్తుకుంది. డెబ్భై నిండినవాళ్లు డ్యూటీ చెయ్యకూడదని ఓడ రాసుకున్న నియమం. మీ వంతు అయిపోయింది, ఇక పెట్టెల్లో పడుకోండి, ఈసారి మిమ్మల్ని లేపేది ఒడ్డు చేరాకే అంటోంది. రెండువందల మందిలోంచి ఓ కుర్రజంటను లేపింది. వాళ్లు వచ్చారు, పుస్తకం చదివారు, గొట్టాలు తనిఖీ చేశారు, అంతా సవ్యంగా ఉందన్నారు. ముసలావిడ ఒప్పుకోలేదు. మాటల్లేవు ఇక్కడ, మెత్తటి అడుగులు, తరవాత నిశ్శబ్దం, తరవాత ఎక్కడో చాలా లోతున ఏదో లోహం సన్నగా మూలుగుతున్న చప్పుడు. ఏం చేస్తోందావిడ? తెర మధ్యలో ఏం చేస్తోంది? అంచుల్లో ఓ మోచెయ్యి, ఓ గోడ కనబడుతున్నాయి. సరిగ్గా అప్పుడే సిస్టరు చెయ్యి వచ్చి ఆపరేటరు మణికట్టు పట్టుకుంది, నాడి చూసే పట్టు కాదు, మెట్లు దిగేటప్పుడు పట్టుకునే పట్టు. అక్కడ ఏదో జరిగింది, ఈవిడకు తగిలింది, తను చూడలేకపోయాడు. బాగుంది కదూ, అన్నాడు తడుముకుంటూ. ఆవిడ పలకలేదు. దొరికిపోయానా? ఇంట్లో దొరకలేదు. ఇంట్లో అడుగులు లెక్క, మంచం నుంచి తలుపుకు ఆరు, తలుపు నుంచి కుళాయికి తొమ్మిది. పేపరు మడిచి చేత్తో పట్టుకుని, ఏమిటో ఈ లోకం అని నిట్టూరిస్తే చదివినట్టే. కంచంలో ఏముందో వాసన చెబుతుంది. చుక్కలు వేసుకుంటుంటే చూసి, ఏమైందని ఆవిడ అడిగితే, ఎండిపోతున్నాయట, చుక్క పడితే గానీ హుషారు రాదట అని నవ్వించాడు. ఆవిడ డ్యూటీకి పోయొచ్చే కాపురంలో ఏదన్నా దాచడం తేలిక, ఇరవైనాలుగ్గంటల కాపురంలోనే కష్టం, అది మొదలై ఏడురోజులే అయింది కాబట్టి సరిపోయింది.

ఆఖరి డ్యూటీ మార్పు. ఇదే చివరి గంట అని మర చెప్పింది, గంట తరవాత ఇద్దరూ చెరో పెట్టెలోకి. సంగీతం ఆగిపోయింది. కాలర్ దగ్గర బొత్తాం పెట్టుకుంటున్న చప్పుడు, ఎవరి బొత్తాం ఎవరు పెడుతున్నారో. ఆపరేటరు చెవి రిక్కించాడు, ఏమంటారు వీళ్లు, సరేనంటారా, పోయి పడుకుంటారా, పడుకుంటే బతికి ఒడ్డుకు చేరతారు, కానీ ఈ ఓడలో కలిసి ఉండే గంటలు మళ్లీ లేవు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనండమ్మా. అప్పుడు, ఓడ కిటికీలో, తెర కుడివైపు పైమూల, చుక్క పడింది. కందిగింజంత, తెల్లగా, గుండ్రంగా. మిగతా లోకమంతా మరకైన కళ్లకు అదొక్కటే నిలువెత్తు నిజంలా కనబడింది. వాళ్లు చేరబోయే నేల దేని చుట్టూ తిరుగుతుందో ఆ నక్షత్రమే అదనీ, మొదటిసారి కంటపడిందనీ హాల్లో అందరికీ తెలుసు. ఆయన ఒంటికి తెలియదు. ఆయన ఒళ్లు లేచి నిలబడింది. కుడికాలు ముందుకు పడింది, మోటారు. ఒకటి, రెండు, మూడు, పెదాలు వాటంతటవే లెక్కపెడుతున్నాయి, నాలుగు, ఐదు, మిషను కార్బన్ దీపం వేడి ముఖానికి కొడుతోంది, ఆరు, ఏడు. నక్షత్రం రెండోసారి మిణుక్కుమంది. ఎడమచెయ్యి గాలిలో మూత దించింది, కుడిచెయ్యి ముందుకుపోయి, దొరికిన పిడిని దొరకబుచ్చుకుని, ఒక్క లాగు లాగింది.

పిడి ఉన్నితో అల్లి ఉంది. టోపీ కింద బట్టతల తెర వెలుగులో ఓ గ్రహంలా బయటపడింది.

"ఏంటండీ పెద్దాయనా," అని ఉన్నిటోపీ మనిషి ఇటు తిరిగాడు, "నా టోపీ మీకేం చేసింది?"

"చుక్క పడింది," అన్నాడు ఆపరేటరు.

"పట్టపగలే?"

చుట్టూ నవ్వులు. నాన్నా కూర్చో, పరువు తీస్తున్నావు అని కూతురు తల్లి మీంచి వంగి చొక్కా లాగుతోంది. ఆపరేటరు టోపీ పట్టుకుని నిలబడే ఉన్నాడు, క్షమించమని చెప్పాలి, చెప్పాలంటే మనిషి ముఖం చూడాలి, ముఖం చూడాలంటే ఈమధ్య నేర్చుకున్న ఉపాయం ప్రకారం చూపు పక్కకు తిప్పాలి, అందుకని ఆ మనిషి చెవికి జానెడు అవతల గాలికేసి చూస్తూ, చాలా మర్యాదగా, క్షమించండి, అలవాటు, అన్నాడు. టోపీ మనిషి తన చెవి అవతల ఎవరున్నారా అని వెనక్కి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. సిస్టరు మొగుణ్ణి మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. నలభై అయిదేళ్లు మత్తు దిగుతున్న వాళ్లను అడిగిన ప్రశ్నే అడిగింది.

"ఎన్ని వేళ్లు?"

ఐదింట్లో ఒకటి, ఊహించి చెప్పేయొచ్చు. మూడు అనొచ్చు, మూడు ఎక్కువమంది పెడతారు. రెండు అనొచ్చు. తప్పైతే చీకటి అనొచ్చు, తమాషా అనొచ్చు, ఇంకో శుక్రవారం గడిచిపోతుంది, ఇంకోటి, ఇంకోటి. వెనకాల తెరమీద ఆ ముసలాయన ముసలావిణ్ణి అడుగుతున్నాడు, ఈసారి ఇద్దరం మేలుకునే ఉందామా అని, గొంతు వణుకుతోంది, అది నటన కాదు, డెబ్భై ఏళ్లు. 

"చెయ్యే కనబడడం లేదు," అన్నాడు ఆపరేటరు. "ముఖం కూడా. దుద్దు కనబడుతోంది."

"ఎన్నాళ్లబట్టి?"

"మూడు నెలలు."

పదండి ఇంటికి అంటుందని కాళ్లు కూడదీసుకున్నాడు. ఆవిడ లేవలేదు. ఆయన చేతిలోంచి టోపీ తీసుకుని, ముందుకు వంగి, దాని సొంతదారు నెత్తిమీద గాయానికి కట్టు కట్టినంత జాగ్రత్తగా పెట్టి, అంచు సర్ది, వెనక్కి కూర్చుని, ఆయన చెవికి నోరు దగ్గరగా పెట్టింది.

"ఆవిడ ఇందాక గోడకు చెవి ఆనించి వింది. మీ మణికట్టు పట్టుకున్నానే, అప్పుడు. లోపల ఏదో పాడైందని ఆ కుర్రాళ్లకు తెలియలేదు, ఈవిడ చెవి ఆనించి కనిపెట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నుంచున్నారు. ఆయన ఏదో అన్నాడు. ఆవిడ చేతిలో ఓ మొక్క కుండీ ఉంది. కుండీ కింద పెట్టింది. ఆయన బొత్తాం తప్పుగా పెట్టుకున్నాడు, ఆవిడ విప్పి మళ్లీ పెడుతోంది. ఏదో అంది. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతూనే."

ఆ తరవాత గంటసేపు ఆవిడ ఆగలేదు. ఆపరేటరు బతుకులో మొదటిసారి తెర నడుమ ఏముంటుందో తెలిసింది. పెట్టె మూతలు రెండూ తెరిచే ఉన్నాయి, ఎవరూ పడుకోలేదు. మర ఎర్రదీపం పెట్టింది. ముసలాయన దానిమీద తన చొక్కా కప్పాడు. ఇద్దరూ ఒకే బల్లదగ్గర తింటున్నారు, ఎలా కూర్చోవాలో తెలియక మోచేతులు తగులుకుంటున్నాయి, ఏడాదికి ఒక గంట తప్ప అలవాటు లేదు కదా పాపం. ఆయన గురక పెడుతుంటే ఆవిడ తెల్లబోయి చూస్తోంది, ఎనభై ఏళ్లలో మొదటిసారి వింటున్నట్టుంది. ఎంత బాగా చెబుతోంది మనిషి, ఎక్కువ తక్కువ లేకుండా, డాక్టరు చేతికి ఏది కావాలో అదే అందించినట్టు. అందించిందంతా బొమ్మే. ఆయన ఏదో అన్నాడు, ఆవిడ ఏదో అంది. ఏదో, ఏదో. మొదట ఆపరేటరు పట్టించుకోలేదు. ఐదోసారో ఆరోసారో ఏదో అన్న మాట విన్నాక, లోపల ఒక్కొక్కటే తిరిగి వచ్చి వరుసలో నిలబడ్డాయి, చేరని ష్, అరక్షణం ఆలస్యపు నవ్వు, మైకు గుసగుస, పోయిన వారం ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి వచ్చి కారణం అడిగితే కాళ్లనొప్పులనడం. గోడకు చెవి ఆనించిన ముసలావిణ్ణి చూసి మణికట్టు పట్టుకోవడం. అప్పట్లో బడ్డీ దగ్గర చేతులు మారిన చంటిపిల్లలా, చెప్పని సంగతి ఒకటి ఇప్పుడు ఆయన చేతిలోకి వచ్చింది. ఆయన అడగలేదు. అడిగితే ఈసారి నిజంగానే పదండి ఇంటికి అంటుందేమో. తెరమీద ముసలావిడ మాట్లాడడం ఆగగానే, సిస్టరు కుడిచెవికి నోరు పెట్టి, నువ్వు గురక పెడితే నాకు భయంలేదు, ఆగితేనే భయం, అని అంటోంది ఆవిడ, అన్నాడు. సిస్టరు ఒక్క క్షణం బిగుసుకుంది. తరవాత నవ్వింది, ఈసారి సరిగ్గా నవ్వు పడాల్సిన చోట. అక్కణ్ణుంచి ఆవిడ బొమ్మ, ఆయన మాట, రెండు మిషన్లూ ఒక్కసారే వెలిగాయి, బొమ్మ మీద బొమ్మ, అడ్డుచెప్పడానికి ఏ మేనేజరూ లేడు. ఎవరో వెనకనుంచి మెల్లగా అండీ అని గొణిగితే, ఉన్నిటోపీ మనిషే వెనక్కి తిరిగి, ఉండవయ్యా, నేను రెండూ వింటున్నాను, అన్నాడు.

ఓడ ఒడ్డు చేరింది. తలుపు తెరుచుకుంది. ముందు దిగింది కుర్రాళ్లు కాదు, ఎనభై రెండేళ్ల ఇద్దరు, కర్రలు పట్టుకుని, మొక్క కుండీతో. వాళ్లకు ఎదురొచ్చేవాళ్లు ఎవరూ లేరు, కొత్త నేల, గాలి. ఆవిడ అదంతా చెప్పింది, గడ్డి రంగు కూడా చెప్పింది. ఆయన మాట అందించాల్సినప్పుడు ఇద్దరూ మాట్లాడలేదు, గాలి చప్పుడే. గాలి వీస్తోంది, అన్నాడు ఆయన. గడ్డి ఊగుతోంది, అంది ఆవిడ.

దీపాలు వెలిగాయి. హాలు చప్పట్లు కొట్టింది, ఈ మధ్యకాలంలో ఎవరూ కొట్టడంలేదు. జనం లేస్తున్నారు, ముక్కులు చీదుకుంటున్నారు. సిస్టరు మాత్రం కూర్చునే, చేతిలో దూది ఉండలు చూసుకుంటూ, తన మామూలు గుసగుసతో, "సినిమా చాలా బాగుంది గానీ, ఇంటర్వెలూ, ఇంతకీ యుద్ధాలేవే? కోసేశారా?" అంది.

మూడు వరుసలు ఆగి చూశాయి. ఉన్నిటోపీ మనిషి ఇంక పట్టలేక, సినిమా మొదలైనప్పట్నుంచీ అడుగుదామనుకుంటున్నానమ్మా, ఏ యుద్ధం అన్నాడు. కూతురు తల్లి ముఖంలోకి చూసింది. అమ్మా, నేను యుద్ధాల సినిమా అనలేదు, వృద్ధుల సినిమా అన్నాను, అంది. ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు వరుసంతా పాకబోతుంటే సిస్టరు లేచి నిలబడింది, ఆస్పత్రి బిళ్ల పెట్టుకున్న రోజుల్లో వార్డు మొత్తాన్ని ఒక్కసారి ఊరుకోబెట్టిన నిలుపు అది.

"ఎడమచెవి పోయి రెండేళ్లయింది," అంది అందరికీ. "కుడిది సగం. వారం కిందట డాక్టరు మాస్కులోంచి ఒకటి అడిగితే నేను ఇంకొకటి అందించాను. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఇంటికొచ్చేశాను. ఈయనకు చెప్పలేదు. ఇది వృద్ధులంది, నేను యుద్ధాలని విన్నాను. బాంబులైతే నాక్కూడా వినబడతాయి కదా అని వచ్చాను."

ఎవరూ నవ్వలేదు. ఆపరేటరు నవ్వాడు, ఏడాది ఆలస్యం చెయ్యకుండా, అక్కడికక్కడే. జేబులోంచి తన వాటా దూది రెండు ఉండలూ తీసి, ఆవిడ గుప్పిట్లో పెట్టి, ఇవి కూడా దగ్గర పెట్టుకో సిస్టరూ, వచ్చే శుక్రవారం నిజంగానే యుద్ధాలది చూద్దాం, అన్నాడు. నలభై మూడేళ్లలో ఆయన ఆవిణ్ణి సిస్టరూ అని పిలవడం అదే మొదలు. ఆవిడకు వినబడింది.